పిడి తీసేసి ఇయ్యి

బేస్ క్యాంపు జీతం రెండు నెలలుగా రాలేదు.
జేబులో నాలుగునూర్లు, బస్సు చార్జీతో కలిపి.
బద్వేలు సంతలో ఉల్లిగడ్డల గుట్టలు దాటి
కత్తి కోసం తిరుగుతాండా.

పాతది మొన్న వాన రాత్రి సగిలేట్లో జారిపోయింది.
వెదకను దిగితే చెప్పు గూడా పోయింది.

ముందు ఫ్యాన్సీ అంగడి.
అద్దాల పెట్టెలో ఒకటి మెరుస్తాంది:
వీపంతా రంపం పళ్లు, నల్ల రబ్బరు పిడి,
పిడి మూతలో గోలీ అంత దిక్సూచి.
పదకొండునూర్లు.
"నీకైతే తొమ్మిదిన్నర" అన్నాడు అంగడి పిల్లోడు.
నేను ఎటు తిరిగినా
సూది వాని వైపే చూపిచ్చాంది.
లంకమల యాడుందో దీన్ని అడిగే గతి
ఇంకా పట్టలేదులే అనుకుని మూత బిగించి ఇచ్చేసినా.
పిడి లోపల డొల్ల.
మొద్దు మీద ఒక్క దెబ్బకే
తల ఒకచోట, మొండెం ఒకచోట.

పశువుల సంత మూలన
కమ్మరి కాశమ్మ గాలిచక్రం తిప్పుతాంది.
గోనెపట్ట మీద కొడవళ్లు, తొలికలు, గొడ్డండ్లు.
కత్తులు ఆరు. అన్నీ లారీ కమానుపట్టా కొట్టి చేసినవే.

జానకు మించకూడదు.
మించితే అది కత్తి కాదు, కేసు.
రోడ్డు మీద పోలీసాయన సంచి తడిమినాడంటే
ఈ జిల్లాలో కత్తికి రెండో అర్థమే ముందు గుర్తొస్తాది.
గోటితో మీటితే ఖంగుమనాల.
అంచును ఎండకెత్తితే యాడా తళుక్కుమనకూడదు,
మెరిసిన చోట పదును లేనట్టు.
వీపు కోసుగా ఉండాల, చెకుముకి రాయికి రవ్వలు రాలాల.
తోక, పిడి చివరిదాకా పారాల.
తుప్పంటావా, పట్టనీ. ఆముదం చుక్క చాలు.
తుప్పే పట్టనిది ఆకురాయికి లొంగదు,
అడవిలో దానికి సాన ఎవురు పట్టాల?

ఐదు పక్కన పెట్టినా.
ఆరోది చేతికి రాంగానే
అలవాటైన గొర్రెపిల్ల లెక్క కూర్చుంది.
మూడునూర్ల ఇరవై.
అప్పుడు చూసినా పిడిని.
ఎరుపు. నునుపు. లోపల సన్నటి నల్లగీతలు.
వాసన చూసే పనిలేదు, ఎర్రచందనానికి వాసన ఉండదు.
మోసినోళ్లకూ పట్టుకున్నోళ్లకూ
బరువే ఆనవాలు.

"ఇది యాడిది కాశమ్మా?"
"కట్టెల మోపులో వచ్చిందబ్బీ.
జానెడు ముక్కకు గూడా లెక్కనా?"

నా ఖాకీ చొక్కా సంచిలో మడిచి ఉంది.
ఆమెకు తెల్దు. లేదా తెల్సు.
పోయిన ఎండాకాలం రెండు దుంగల కాడ
రాళ్లు పడిన రాత్రి మచ్చ
నుదుటి మీద దురద పెట్టింది.

"పిడి తీసేసి ఇయ్యి" అన్నా.

నా మొగం చూసింది.
కత్తి కొని పిడి వదిలిపెట్టే బేరం
పుట్టి బుద్ధెరిగి చూళ్లేదని నవ్వింది.
మూడు మేకులూ సుత్తితో దిగగొట్టి
ఎర్రముక్కలు రెండూ కొలిమిలో పారేసింది.
ఏ కట్టె లెక్కనో అట్లనే కాలినాయి.
యాభై తగ్గించింది.

బస్సులో బోడి తోకకు తువ్వాల చుట్టి
ఒళ్లో పెట్టుకున్నా.
ఇంట్లో విరిగిన మంచం కోడు ఒకటుంది, తుమ్మది.
రెండుగా చీల్చి, రాగితీగ దిగేసినా.
మా పెద్దపాప గాజుపెంకుతో గీకి గీకి నున్నగ చేసింది,
తన పిడికిలికి సరిపోయేట్టు.
నాకు కొంచెం సన్నమైంది.

సోమవారం రాత్రి కలివిపొదల్లో వాన.
తడిసిన మొద్దు పొట్ట చీలిస్తే
లోపల పొడి ఉంది. మంట పడింది.
దావలో పంది కోసం కట్టిన ఉచ్చుతీగలు రెండు
మెలితిప్పి తెంపినా.
అంచు చెక్కు చెదరలేదు.

అన్నిటికంటే ముందు తెగింది మాత్రం
ఉల్లిగడ్డ కోస్తా కోస్తా, నా బొటనవేలే.
బాగుంది పదును.