కొలతల పుస్తకం

ఛాతీ ముప్పై ఆరు. నడుము ఇరవై ఎనిమిది.
భుజం దగ్గర పెన్ను ఆగి సిరా మరకయింది.
ఆకలి మీదున్నవాడు ఊపిరి బిగబడితే
టేపు కూడా అబద్ధం చెబుతుందని
అప్పటికి నాకు తెలీదు.

మాహిమ్‌లో, చేపల బజారు వెనక, మిద్దె మీద కొట్టు.
పేరడిగితే తడబడ్డాడు.
లాల్‌బాగ్ చాల్‌లో వాళ్లమ్మ పిలిచేది గిర్‌ధర్ లోఖండే అని,
నిన్న సాయంత్రం నిర్మాత పెట్టింది దేవకాంత్ అని.
రెండోదే రాసుకున్నాను.
బిల్లు కట్టేది ఆ పేరే కదా.

నాలుగు పేజీలు తిప్పితే ఛాతీ నలభై.
నెమలి నీలం సూటు, వెండి దారం, మోచేతుల దాకా చెమ్కీలు.
జూబిలీ నాడు కొట్టు కింద ఇసకేస్తే రాలని జనం.
పని నేర్చుకునే కుర్రాళ్లు
అతని కొలతలు దొంగతనంగా కాపీ చేసి
కాలేజీ పిల్లలకి అమ్ముకున్నారు.
ఆ ఏడు బొంబాయి అంతా అతని కాలరు వేసుకు తిరిగింది.

నేను కుట్టే ప్రతి కోటు లోపలా
రెండంగుళాల గుడ్డ మడిచి వదిలేవాణ్ణి.
డ్రెస్‌మన్ గునిసేవాడు,
"హీరో ఏమన్నా ఎదిగే పిల్లాడా, ఇద్రీస్ మాస్టర్?"
మనిషన్నాక ఎటో ఒకవైపు మారతాడు, అన్నాను.

మారాడు.
నడుము ముప్పై నాలుగు. ముప్పై ఏడు.
పొద్దున్నే వచ్చినా ఏలకులు నములుతూ వచ్చేవాడు.
ఏలకుల కింద ఏ వాసనుందో
మెడ కొలిచేవాడికి చెప్పాలా?
సెట్లో నాలుగొందల మంది ఎదురు చూస్తుంటే
మూడింటికొచ్చి నాలుగింటికి పోయేవాడట,
జుహూ ఇంట్లో ఆదాయపన్ను వాళ్లు పరుపులు కోశారట,
హేమాంగి పాపనెత్తుకుని పూణే బస్సెక్కిందట.
అవన్నీ పత్రికల వాళ్ల పని.
నా పుస్తకంలో ఉన్నది ఇంతే:
"పోలీసు డ్రెస్సు ఒకటి. విలన్ తమ్ముడు. అడ్వాన్సు లేదు."

ఇక్కడ ఒక పేజీ ఉండాలి.
ఎవరు చింపారని అడక్కండి.

ఆ జనవరిలో మా వీధి తగలబడింది.
నాలుగు మిషన్లూ ఇనప ఎముకలయ్యాయి.
చొక్కాలో దోపుకున్నాను కాబట్టి పుస్తకం మిగిలింది.
కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో
టాక్సీలో వచ్చాడు. సొంత కారు అప్పటికే పోయింది.
ట్రంకు పెట్టె దింపాడు. నిండా నా కుట్లే.
"అమ్ముకో. నాకెటూ పట్టవు."
అంతకు మించి మాట్లాడలేదు.
డైలాగులు మరిచిపోతాడని అతనికి చెడ్డపేరు.

గుర్రం మీద పాటకి కుట్టిన ఎర్ర జాకెట్టు
చోర్ బజార్లో ఒక పాత మిషను ధర పలికింది.
కొన్నవాడు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు.
ఎవరిదని అడిగాడు.
నీకు ముందు వేసుకున్నవాడిది, అన్నాను.

అరవై దాటాక టీవీలో జడ్జి వేషం.
జడ్జి బల్ల వెనకే ఉంటాడు కాబట్టి
పాంటు డబ్బులు ఇవ్వమన్నారు.
మూడేళ్లు
పైన నల్లకోటు, కింద గళ్ల పైజమా.
ఉరిశిక్షలు కూడా అలాగే వేశాడు.
"ఇప్పుడు నాలో సగానికే కొలత, భాయ్" అని నవ్వాడు చూడండి,
ఆ నవ్వు ఏ రీల్లోనూ లేదు.

మొన్న వానలో మెట్లెక్కి వచ్చాడు, మూడుచోట్ల ఆగి.
పూణేలో మనవరాలి పెళ్లి. కార్డు వచ్చింది.
కార్డు మీద పేరు పాతదే, వాళ్లమ్మ పిలిచినది.
"వెళ్తానో లేదో తెలీదు. కోటు మాత్రం ఉండాలి."

ట్రంకు అడుగున ఒకటి నేను అమ్మలేదు.
నా కళ్లకి సూది బెజ్జం ఆనదు, మనవడు దారం ఎక్కించాడు.
పక్క కుట్టు విప్పాను.
బయటంతా తడి బూడిద రంగు.
లోపలి మడతలో, రెండంగుళాల మేర,
ఏ లైటూ తాకని
నెమలి నీలం.

గిర్‌ధర్ వేలి కొసతో తాకి చూశాడు.
"ఇంకా ఇంత ఉందా?"

సుద్దముక్క కోసం వెతుక్కుంటూ
టేపు అతని ఛాతీ చుట్టూ తిప్పాను.
ఊపిరి బిగబట్టకు, అన్నాను.