మూడింటి వాన

బెలెం రేవు బజారులో చేపలమ్ముతాను.
ఇరవై రెండేళ్ళుగా నా గొంతే నా తక్కెడ.
మా ఏట్లో ఓ జెల్లచేప ఉంది, పేరు ఫిల్యోచి.
మా భాషలో పిల్ల అని అర్థం,
ముప్ఫై కిలోల పిల్ల.
"పిల్ల, పిల్ల, ఇప్పుడే దిగిన పిల్ల!" అని నేనరిస్తే
అవతలి లంకలో కుక్కలు లేస్తాయంటుంది దల్వా.

శనివారం మధ్యాహ్నం మాత్రం
ఈ నోటికి గొళ్ళెం.

వ్యాయామశాల, పైన రేకుల కప్పు.
ముగ్గురిటు, ముగ్గురటు, అందరి కళ్ళకీ నల్లటి గంతలు.
కొంచెం కనబడేవాళ్ళకీ, ఏమీ కనబడనివాళ్ళకీ
ఒకటే చీకటి.
నీలం రబ్బరు బంతి, లోపల మువ్వలు.
గీతల మీద టేపు, టేపు కింద దారం.
నా కూతురు జాంజీరా పాదంతో దాన్ని తడిమి
తన చోట్లో కుదురుకుంటుంది,
కరెంటు పోతే అగ్గిపెట్టె ఎక్కడుందో దల్వాకి తెలిసినట్టు.
బంతి దొర్లుతూ వస్తుంది. వినాలి.
విని, ఒళ్ళంతా అడ్డంగా నేలమీద పరిచి ఆపాలి.
అందుకే రిఫరీ మాకేసి తిరిగి చెబుతాడు: నిశ్శబ్దం.
చీమ చిటుక్కుమన్నా మా తప్పే అన్నట్టు చూస్తాడు.

ఆరేళ్ళప్పుడు దీన్ని బజారుకి తీసుకెళ్ళేవాణ్ణి.
"ఆపకు నాన్నా, అరుస్తూనే ఉండు" అనేది.
కొనేవాడు లేకపోయినా అరిచేవాణ్ణి.
ఆ అరుపుని తాడులా పట్టుకుని
మంచుతొట్ల మధ్య, తడి రాళ్ళమీద,
నిమ్మకాయల కొట్టు దాకా వెళ్ళొచ్చేది.
ఒకసారి డబ్బు లెక్కపెడుతూ
రెండు నిమిషాలు నోరు మూశాను.
రొయ్యల బుట్టల దగ్గర దొరికింది,
మోకాలు చీరుకుని, ఏడవకుండా, చెవి రిక్కించి.
ఆ రెండు నిమిషాలు నాకింకా అయిపోలేదు.

ఇప్పుడు దానికి పద్నాలుగు.
ఇప్పుడు నా గొంతే దానికి అడ్డం.
మొదటివారం "ఎడమకి తల్లీ!" అని కేకేసి
ఆటయ్యేదాకా బయట బొండాల బండి దగ్గర నిలబడ్డాను.

ఇవాళ సాంతరేం జట్టుతో,
పడవలో రెండు రోజులు ప్రయాణం చేసొచ్చిన పిల్లలు.
నాలుగూ నాలుగు.
మూడైంది. మా ఊళ్ళో మూడంటే వాన.
రేకులమీద కంకర గుమ్మరించినట్టు మొదలైంది.
మువ్వలు మునిగిపోయాయి. ఈల. ఆట ఆగింది.
ఆరుగురూ గంతలతోనే నేలమీద కూలబడ్డారు.
మేం మాత్రం గేట్లెత్తినట్టు మాటల్లో పడ్డాం.
సాంతరేం పిల్ల తల్లెవరో
సంచిలోంచి అడవి బాదంపప్పు తీసి నా చేతిలో పోసింది.

జాంజీరా మాట్లాడటంలేదు.
తల ఓ పక్కకి వాల్చి కప్పుని వింటోంది.
రేకులింకా మోగుతుండగానే లేచి చెయ్యెత్తింది.
"ఏటివైపు ఆగింది" అంది.
రిఫరీ నవ్వాడు. మేమూ నవ్వాం.
తలుపు తీసి చూసినవాడు నవ్వలేదు.
ఏటిమీద ఎండ.
వాన మా నెత్తిమీంచి మెల్లగా ఊళ్ళోకి జరుగుతోంది.

ఆ తర్వాత ఓ బంతిని పక్కటెముకలతో ఆపింది.
పెద్ద చేపని బల్లమీద పడేసిన చప్పుడు.
నేనరవలేదు.
దల్వా గోళ్ళు నా ముంజేతిలో.
గొంతులో వెలక్కాయ, దాని వెనకే దగ్గు.
చొక్కా అంచు నోట్లో కుక్కుకున్నాను.
ఇంకోటి ఆపింది.
మూడోది వేలికొసల్ని తాకి లోపలికి పోయింది.

ఓడిపోయాం.
చివరి ఈల తర్వాత అరవొచ్చు. అరిచాను.
వారమంతటి పిల్లల్నీ ఒక్కసారే అమ్మినట్టు అరిచాను.
ఓడినవాళ్ళ నాన్న ఇంతలా ఎందుకరుస్తున్నాడో అని
సాంతరేం వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

బస్సులో మోచేతికి ఐసు అద్దుకుంటూ అడిగింది:
"రెండో సగంలో దగ్గింది నువ్వేగా?"
"చొక్కాలోకి దగ్గానమ్మా."
"చొక్కాలోకే. వినబడింది.
ఈసారి బయటికెళ్ళి దగ్గు."

సరే అన్నాను,
బస్సంతటికీ వినబడేలా.