పందొమ్మిది సెంటీమీటర్లు

రొట్టెల వ్యాను వెనక చక్రం మంచులో దిగబడిన రోజు
ఆర్వెద్ బూట్ల నిండా బాల్టిక్ సముద్రంతో నడిచొచ్చి
నా బల్ల మీద ఒక తడి రొట్టె పెట్టాడు.
ఏమీ అనలేదు.
మా ద్వీపంలో కోపం అలాగే వస్తుంది, పొట్లం కట్టుకుని.

గడ్డకట్టిన సముద్రం మీద దారికి మందం కొలిచే హెల్డుర్
పొద్దున్నే ఆరింటికి రాశానంటాడు.
రాలేదంటాను నేను.
ఆఫీసు సర్వరు నా పూచీ:
మెట్ల కింద, తుడుపుకర్రల పక్కన,
పాత లినక్స్ పెట్టె, తొమ్మిదేళ్లుగా మూలుగుతూ.

లాగ్ తెరిచాను.
నల్ల తెర మీద తెల్ల చీమల బారు.
ఆరు గంటల నాలుగు నిమిషాల దగ్గర, ఉంది.
"మూడో గుర్తు దగ్గర పందొమ్మిది. దారి మూసేయండి!!!"
గడప దాకా వచ్చింది.
జల్లెడ మార్కులేసి పక్కకి తోసింది:
ఐదు దాటితే చెత్త,
హెల్డుర్‌కి ఏడు పాయింట్ రెండు.

అన్నీ పెద్దక్షరాల్లో అరిచినందుకు ఒకటిన్నర
(కళ్ళలో శుక్లాలు, ఏం చేస్తాడు),
మూడు ఆశ్చర్యార్థకాలకి ఒకటి,
మేనల్లుడి కొట్లోని సర్వరుకి పేరూ ఊరూ కుదరనందుకు ఒకటి పాయింట్ రెండు.
ఇంతవరకూ అయితే గట్టెక్కేవాడే.
మిగతా మూడున్నర ఒక్క మాటకి:
ఇలాంటివి ఇదివరకు చూశాను,
నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు చెత్తే.

ఎక్కడ చూశావే?
ఎవరు చూపించారు నీకు?

రాత్రి రెండింటికి రోజూ లేచే చిన్న స్క్రిప్టు ఒకటుంది.
నేనే రాశాను, రాసి మరిచిపోయాను.
చెత్త ఫోల్డరులో నేనేం పడేస్తే అది
నమిలి జ్ఞాపకం పెట్టుకుంటుంది.

ఆ ఫోల్డరు అడుగున, ఆకులు రాలే రోజులనాటివి,
హెల్డుర్ ఉత్తరాలు నలభై ఒకటి.
రేవు చివర మూడో దీపం వెలగడం లేదని.
మొదటి ఆరింటికీ జవాబిచ్చాను.
ఏడోదాన్ని లాగి అక్కడ వదిలాను,
చెత్త అని కాదు,
ఆ పూట నా దగ్గర జవాబు లేక.
తర్వాత చెయ్యి అలవాటు పడింది.

నమ్మకస్తుల జాబితాలో ఆయన పేరు ఒక్క వరస రాస్తే
పని అయిపోయేది. రాశాను కూడా.
మళ్ళీ చెరిపాను.
దొంగ ఉత్తరాలు ఆ పేరు పెట్టుకునీ రావచ్చు,
అది పైకి చెప్పుకున్న కారణం.

మరిచిపో అని ఒక ఆజ్ఞ,
ఇది మంచిది అని ఇంకొకటి.
నలభై ఒకటీ ఒకే ముద్దగా తినిపించవచ్చు.
నేను ఒక్కొక్కటీ విప్పాను.
తొమ్మిదోదాంట్లో దీపం ఊసే లేదు,
సీలు పిల్ల ఒకటి రేవు మెట్టెక్కి నిద్రపోయిందట.
ఇరవయ్యోదాంట్లో ఒకే మాట:
చదువుతున్నారా?
అదొక్కటే చిన్నక్షరాల్లో ఉంది.

తెల్లారుజామున, ఆ మంచు ఉత్తరాన్నే మళ్ళీ జల్లెడలో పోశాను.
అరుపు అలాగే ఉంది.
మార్కులు ఒకటి పాయింట్ ఎనిమిది.

శుక్రవారం ఆరూ మూడుకి ఇన్‌బాక్సులో పడింది:
"ఇరవై ఒకటి. ఇంకా తెరవద్దు!!!"
సంతకానికి కింద మరో వరస:
నలభై ఎనిమిదోసారి, దీపం.

ఆర్వెద్ రొట్టె రేడియేటరు మీద ఎండి రాయైంది.
పొడుగు నిచ్చెన ఎవరింట్లో ఉందో
కనుక్కోవాలి.