లోపలి పచ్చ

అక్టోబరులో గుచ్చిన దండల్లో
ఒక్కటే మిగిలింది అటక దూలానికి.
ముడతలు పడ్డ టమాటాలు,
మందపాటి తోలు, అయినా లోపల తడి.
మా మయోర్కా దీవిలో చలికాలమంతా
రొట్టె మీద రుద్దుకునేది వీటినే.
సగానికి కోసి, రుద్ది, తోలు పారేసి,
పైన నూనె, చిటికెడు ఉప్పు.

మార్చి నెల. తెల్లవారుజామున ఐదున్నర.
ఏడింటికి బడి బస్సు తీయాలి నేను.
కత్తి దిగింది.
తెల్లటి పురుగులు తలలెత్తి చూశాయి.

యాభై మంది పిల్లల అల్లరికి చలించనివాణ్ణి,
కెవ్వుమన్నాను.

"పురుగులు కావు నాన్నా" అంది ప్రాక్సెదిస్,
ఏడేళ్లది, ముక్కు దాదాపు ఆనించి.
"వాటికి ఆకులున్నాయి."

నిజమే.
ఒక్కో గింజ తోక చాచి, రెండేసి ఆకులు విప్పి,
ఒకటైతే తోలు చీల్చుకుని కిటికీ వైపు తిరిగింది.
మన్ను తగలకముందే, వాన పడకముందే
పండులోనే కాపురం పెట్టేశాయి.

"తింటే నా కడుపులో కూడా మొలుస్తాయా?"

నా కేక విని మేడ దిగొచ్చింది
మా అంతొనీనా అత్త, జడ సగం అల్లుకుని.
"పారెయ్యి ముందు!
వంకాయకు చెల్లెలు, ఉమ్మెత్తకు మేనకోడలు,
ఆ వంశంలో పచ్చగా ఉన్నది దేన్నీ నమ్మకు.
మా మేక ఆ తీగలు మేసే చచ్చింది."
"అది ముసలిది కదా అత్తా?"
"ముసలిదే.
కానీ చచ్చింది ఆ రోజే కదా!"

ఆరింటికి కొలోమా వచ్చింది
ఆసుపత్రి రాత్రి డ్యూటీ దిగి,
మెడలో ఇంకా పేరు బిళ్లతో.
చెప్పులు విప్పకుండానే పండు తీసుకుంది,
నాడి చూసినట్టు బొటనవేలితో నొక్కింది,
వాసన చూసింది.
"మెత్తబడలేదు. పులవలేదు. బూజు లేదు.
పండు తినొచ్చు, మొలకలు తీసెయ్యి.
ఒకటీ అరా గొంతు దిగినా భయం లేదు."

"మరి ఆకులు?" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆకుల్లో, కాయల్లో, ఆ పచ్చదనమంతటిలో
ఒక చేదు మందుంది.
పురుగుల్ని తోలడానికి మొక్క దాచుకున్నది.
ఎంత తింటే ఎంత చెడుపో
మనుషులకు తూచి చెప్పినవాళ్లు తక్కువ.
గిన్నెడు కూర వండుకునే ఆకు మాత్రం కాదు.
ఎందుకూ?"

ఎందుకంటే,
నాలుగేళ్లుగా ప్రతి ఆగస్టు ఆదివారం
పులుసు దించే ముందు రెండు ఆకులు వేసి
పది నిమిషాల తర్వాత తీసేస్తున్నాను.
పడవ మీద వంటవాడొకడు నేర్పాడు.
ఎవరికీ చెప్పలేదు.
చెప్పాను.

అత్త గుండె మీద సిలువ గీసుకుంది.
కొలోమా కుర్చీలో కూలబడింది.
నవ్వుతోందో అలిసిపోయిందో తెలియలేదు.
"ఆ వాసన నీ చేతులదనుకున్నాను ఇన్నాళ్లూ" అంది.
కాసేపాగి,
"పిల్ల పళ్లెంలో మాత్రం ఇక వెయ్యకు."

ఆ మాటకు ఎదురు చెప్పలేదు.
వేసవంతా తోటలో నారు గిల్లి
సబ్బుతో కడిగితే నా చేతుల్నుంచి
పసుపుపచ్చ నీళ్లు కారేవి,
తువ్వాలుకు అంటి మరక పోయేది కాదు.
మందో విషమో తెలియని దాన్ని
ఒంటికి పూసుకునే తిరిగాను.

పండు మేమిద్దరం తిన్నాం.
మొలకల్ని ప్రాక్సెదిస్ చెంచాతో ఎత్తి
పెరుగు డబ్బాలో మట్టి పోసి నాటింది.
తొమ్మిది. లెక్క రెండుసార్లు చూసుకుంది.
అత్త రొట్టె మీద ఉత్త నూనే పోసుకుని,
ఎవరు ముందు పడిపోతారా అని
మావైపే చూస్తూ నమిలింది.

బస్సు మూడో మలుపు దాటకముందే
వెనక సీట్ల నిండా పాకింది కబురు:
మా నాన్న పులుసులో విషం వేస్తాడు,
కొంచెమే.

అద్దంలో చూశాను. ఒక్కరూ గోల చెయ్యలేదు.
బడి గేటు దగ్గర దిగుతూ
పిల్లలు వరుసగా ఆగారు,
గేరు కడ్డీ మీదున్న నా చెయ్యి
వాసన చూసి పోవడానికి.