పటిక

కొరుక్కుపేట స్టేషన్లో టికెట్ల కిటికీ పక్కన
గోడకి ఒక కాయితం.
తాగుడు మానాలనుందా, అని తమిళంలో.
కూడబలుక్కుని చదివాను.
కింద ఫోన్ నంబరు. చివరి అంకె మీద
ఎవడో తమలపాకు సున్నం వేలు తుడిచిపోయాడు.

సున్నా నుంచి మొదలుపెట్టాను.
ఒకటి సిమెంటు కొట్టు.
రెండు ఎత్తలేదు.
మూడులో చంటిపిల్ల ఏడుపు, దాని మీదుగా ఓ ఆడగొంతు:
"ఇది కాదన్నా నంబరు.
అయినా మానెయ్. మా ఆయన మానలేదు."
పెట్టేసింది.
ఆ తర్వాత రెండుసార్లు తిట్లు తిన్నాను.
ఆరు నొక్కడానికి ధైర్యం చాలక
వెళ్ళి ఒక క్వార్టరు తాగొచ్చి
ఆరు వదిలేసి ఏడు నొక్కాను.
"చెప్పు తంబీ" అన్నాడొక ముసలాయన,
నా నాలుక మడతపడుతోందని తెలిసి కూడా.

నాది సెలూను. రెండు కుర్చీలు, ఒకటిన్నర అద్దం.
పొద్దున్నే గుక్క పడకపోతే కత్తి నిలవదు,
పడితే నేను నిలవను.
ఆ మధ్య ఒక పెళ్ళికొడుకు చెవి కింద తెగింది.
వాళ్ళ నాన్న పల్లెత్తు మాట అనలేదు,
చిల్లర కూడా అడక్కుండా
కొడుకుని నడిపించుకుపోయాడు.
ఆ చిల్లర ఇంకా సొరుగులోనే ఉంది.

తండయార్‌పేటలో చర్చి బడి, మేడ మీద మూడో తరగతి.
పిల్లల బెంచీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి.
బోర్డు మీద ఏడో ఎక్కం, యాభై ఆరు దగ్గర ఆగింది.
హార్బరులో క్రేను తోలిన దైవసిగామణి,
పూలబుట్ట ఒళ్ళోంచి దించని ఫిలోమినా,
టై విప్పి జేబులో కుక్కుకున్న ఒక బ్యాంకాయన.
ఒక్కొక్కరే లేచి పేరు చెప్తారు,
ఆ మాట చెప్తారు,
గదంతా "వణక్కం" అంటుంది
పెళ్ళివారిని గుమ్మంలో పలకరించినట్టు.

మొదటివారం టీ తాగి వచ్చేశాను.
రెండోవారం లేచి అన్నాను:
"నాన్ కుడికారన్."
ఎంత తేలిగ్గా వచ్చిందో!
అరువు చొక్కా అది, ఒంటికి ఎక్కడా పట్టలేదు.
ఆ రాత్రే మళ్ళీ తాగాను.

నాలుగోవారం మెట్ల మీద ముసలాయన అడిగాడు:
"ఇంట్లో ఏ భాషలో తిట్లు తింటావు?"
తెలుగులో.
"అయితే అందులోనే చెప్పు."
మాకేం అర్థమవుతుంది, అన్నాడు వెనకనుంచి ఎవరో కుర్రాడు.
"మనకెందుకురా? వాడికి అర్థమైతే చాలు."

నిలబడ్డాను.
నా పేరు పెంచలయ్య. నేను...
మా అమ్మ మా నాన్నని అన్న మాట అది.
వజ్రమ్మ నన్ను అన్న మాట.
మా పిల్ల ఎప్పుడూ అనలేదు,
బళ్ళో దాని పేరు ముందు ఎవరో తగిలించారు,
అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది, నిజమేనా అని.
చేపముల్లులా అడ్డంపడింది మాట.
మింగలేను. 
ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

తాగుబోతుని.

ఆ గదిలో ఒక్కరికీ తెలుగు రాదు.
"వణక్కం, పెంచలయ్యా" అన్నారు.

పందొమ్మిదో రోజు పొద్దున
షట్టరు సగం ఎత్తానో లేదో
దైవసిగామణి దూరి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు,
కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తాడు.
గొంతు మీద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది.
వద్దయ్యా, అన్నాను. ఇంకో వారం పోనీ, అన్నాను.
పలకడే.

చెయ్యి వణికింది. దాచుకోడానికేముంది?
దవడ కింద ఆవగింజంత ఎరుపు.
పటిక తడిపి అదిమిపట్టాను.
"మండుతోందా?"
"మండకపోతే పటికెందుకు?
కానియ్, రెండో చెంప అలాగే ఉంది."