ఉత్తమ పురుష

డాండెనాంగ్ ఆసుపత్రిలో, పక్క వీధి కోర్టులో
నా పని "నేను" అనడం.

మాట వాళ్లది, గొంతు నాది.
"అతను కొట్టలేదంటున్నాడు" అనకూడదు.
"నేను కొట్టలేదు" అనాలి, మేజిస్ట్రేటు కళ్లలోకి చూస్తూ.
అది నియమం.
తొమ్మిదింటికి నేను లైసెన్సు పోయిన లారీ డ్రైవర్ని,
పదకొండుకి ఏడో నెల గర్భిణిని,
శాండ్‌విచ్ తిన్నాక
సొంతింటి ఛాయలకు రావద్దని ఉత్తర్వు అందుకున్న మొగుణ్ణి.
నా కోసం నేను నోరు తెరవాల్సి వస్తే మాత్రం
"దుబాసీ ఒక సంగతి అడగాలనుకుంటోంది" అనాలి,
ఎవరో మూడో మనిషిని గురించి చెప్పినట్టు.

సాయంత్రం నోట్సు చించి
తాళమున్న నీలం డబ్బాలో వెయ్యాలి.
అదీ నియమమే.
పదకొండేళ్లుగా రోజూ రాస్తున్నాను.
ఒక్క కాగితమూ మిగల్లేదు.

జులైలో ఒక మంగళవారం
ఒకావిడ వచ్చింది. పేరు చెప్పకూడదు.
శ్రీకాకుళం యాస అని మాత్రం చెప్పొచ్చనుకుంటా.
స్వెటర్ మీద స్వెటర్, పైన నర్సు కప్పిన దుప్పటి.
నొప్పి ఎక్కడ, అడిగాడు డాక్టర్,
ఒకటి నుంచి పది దాకా ఎంత.
"నొప్పేటీ నేదమ్మా," అంది నాతో,
"పేనవే ఉసూరుమంటంది."

నా దగ్గర మాట లేదు.
గడియారం ముల్లు మూడుసార్లు కదిలింది.
"నేను అలసిపోయాను" అన్నాను ఇంగ్లీషులో.
డాక్టర్ రాసుకున్నాడు: అలసట, ఆరు.
ఆవిడ నా వైపు చూసింది,
చిల్లర తక్కువిచ్చిన కొట్టువాణ్ణి చూసినట్టు.

ఆ రాత్రి నోబుల్ పార్క్‌లో, వంటింటి బల్ల మీద,
కరెంటు బిల్లు వెనక రాశాను: ఉసూరు.
కొట్టేసి: ఉసురు.
ఉసురంటే ప్రాణం. ఉసురంటే ఊపిరి.
ఉసురు తగలడమంటే
ఏడిపించినవాళ్ల గుమ్మం వెతుక్కుంటూ
ఏడ్చినవాళ్ల ఊపిరి నడిచి రావడం.
నాకు తగులుతుందా, అని రాశాను.
"నాకు" దగ్గర పెన్ను ఆగింది.
ఏ నాకు?

"నేను" అని మొదలుపెడితే చాలు
లారీ డ్రైవర్ వచ్చి కూర్చునేవాడు,
గర్భిణి మంచినీళ్లడిగేది.
చాలా రాత్రుళ్లు అంతే.
బిల్లులన్నీ అయిపోయి కవర్ల లోపలి వైపు రాశాను.

నేను లేకుండా రాసి చూశాను.
తెలుగు జాలిగల భాష. "వచ్చాను" అంటే సరిపోతుంది,
నేను వెళ్లి క్రియ తోకలో ముడుచుకు పడుకుంటుంది.
రాశాను. కొట్టేశాను. లేచాను.
ఆ తోక కూడా కోసేస్తే?

వాన పడుతోంది.
కెటిల్ చల్లారింది.
పక్కింటి వియత్నాం తాత దగ్గుతున్నాడు.
కాగితం తెల్లగా ఉంది.

వాక్యాల్లో ఎవరూ లేరు.
అయినా వాన అని ఎవరికో తెలిసింది.
తెలిసినవాళ్ల పక్కన కాసేపు కూర్చోవడమైంది.
అక్కడ భయం లేదు, యాస లేదు,
ఊపిరి వస్తోంది, పోతోంది,
దానికి కర్త ఎవరో రాయబుద్ధి కాలేదు.

ఆరో తరగతిలో ముక్తేశ్వరి టీచర్ చెప్పింది,
వాడు ప్రథమ, నువ్వు మధ్యమ, నేను ఉత్తమ పురుష.
"నేనెందుకు ఉత్తమ?" అంటే
"రాసుకో" అంది, బోర్డు వైపు తిరిగి.
విసుక్కుందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆగస్టులో ఆవిడ మళ్లీ వచ్చింది.
అదే ప్రశ్న, అదే జవాబు.
"దుబాసీకి ఈ మాట తెలియదు" అన్నాను డాక్టర్‌తో,
"అడగడానికి అనుమతి కావాలి."
అడిగాను, ఉసూరంటే ఎలా ఉంటుందమ్మా?
ఆవిడ నా చెయ్యి లాక్కుని
తన ముక్కు కింద పెట్టుకుంది.
"ఇదుగో, ఇలగ."

వెచ్చగా ఉంది. తర్వాత లేదు. తర్వాత ఉంది.
డాక్టర్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ రోజు నోట్సులో ఏమీ లేదు.
అయినా చించి డబ్బాలో వేశాను.