ఒక తప్పు గురించి చెప్పండి

ఇంటర్వ్యూ గురువారం పదకొండింటికి.
ఇవాళ సోమవారం, తెల్లవారి నాలుగూ యాభై.
ఫ్రిజ్ తలుపే నా బోర్డు.
నీలం మార్కరుతో డబ్బాలు, డబ్బాల మధ్య బాణాలు,
ఒక మూల ఈ నెల పాల లెక్క.
చెరపబుద్ధి కాక
దాని పక్కనుంచే ఒక క్యూ గీశాను.

పదమూడేళ్ళు కోడు రాసినదాన్ని
బైనరీ చెట్టుని కుడి ఎడమలు ఎలా మార్చాలో
ఎక్కాల్లా వల్లె వేస్తున్నాను.
ఇన్నేళ్ళలో చెట్టు తిప్పమని ఒక్కరూ అడగలేదు.
సర్వరు పడిపోయింది, లేపమన్నారు.
అర్ధరాత్రి, పండగపూట,
ఒకసారైతే పళ్ళ డాక్టరు కుర్చీలో
నోరు తెరుచుకుని ఉండగా.

కింద కగ్గదాసపుర సందులోకి ట్యాంకరు వెనక్కి వెనక్కి వస్తోంది.
ఏడు బిల్డింగులు, ఒక్క ట్యాంకరు.
మునియప్ప పైపు భుజాన వేసుకుని దిగుతాడు.
ఎవరి సంపుకి ముందు, ఎవరికెంత,
ఎవరు అరిస్తే వినాలి, ఎవరు అరిస్తే వినకూడదు,
మోటరు మొరాయిస్తే ఏ సందుకి మళ్ళించాలి,
అన్నీ తలలోనే.
పది లక్షలమంది ఒక్కసారే మీద పడితే ఏం చేస్తారన్న ప్రశ్నకి
జవాబు ఆయన చేతిలో తడితడిగా ఉంది.
ఆయన్నెవరూ సీనియర్ అనరు.
అణ్ణా అంటారు,
పావుగంట ఆలస్యమైతే అదీ అనరు.

ఏడున్నరకి ఆముక్త, ఏడో తరగతి,
టై సగమే బిగించుకుని
ఇడ్లీ ప్లేటు పక్కన స్టాప్‌వాచ్ పెట్టింది.
గొంతు లావు చేసుకుని
"మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి. రెండే నిమిషాలు."

నా దగ్గరొకటి ఉంది,
ఇస్త్రీ చేసి మడతపెట్టినది.
"ఒక రాత్రి మా డేటాబేసులో ఒక టేబులు చెరిగిపోయింది.
మేము నాలుగు గంటల్లో నిలబెట్టుకున్నాం.
మేము కొత్త నియమాలు పెట్టుకున్నాం.
మేము చాలా నేర్చుకున్నాం."
ఒక నిమిషం నలభై.

"చెరిగిపోయిందా, చెరిపారా?"
ఇడ్లీ నములుతూనే అడిగింది.
నేను రాసిచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేదు.

మన భాషలో ఎంత సుఖం!
పగిలింది, పోయింది, చెరిగింది, జరిగింది.
కర్త లేకుండానే వాక్యం సాగిపోతుంది
వాలులో వదిలేసిన బండిలా,
ఎవర్నో గుద్దేదాకా.

గుద్దింది వీరేశ్‌ని.
రాయచూరు కుర్రాడు, చేరి ఐదు నెలలు,
సగం కన్నడం, సగం మన మాట.
మెషీను అతనిది, లాగిన్ అతనిది,
"జరుగు, నే చేస్తా" అని కుర్చీ లాక్కుని
ఎంటర్ కొట్టిన వేలు నాది.
మర్నాడు మీటింగులో ఆ ఒక్క లైనూ తెరమీద పెట్టారు,
చివర అతని పేరు.
వీరేశ్ నావైపు చూశాడు.
నేను నోటుబుక్కులో తేదీ వేసుకుంటున్నాను,
చాలా శ్రద్ధగా, సంవత్సరంతో సహా.

నెల తిరక్కుండా అతని బల్ల ఖాళీ.
వెళ్ళే రోజున హోళిగె పొట్లం చేతిలో పెట్టి
"అక్కా, మీ దగ్గర చాలా నేర్చుకున్నా" అన్నాడు.
అది వెటకారమా, నిజమా
ఆరేళ్ళుగా వెతుకుతున్నా,
ఆ ఒక్క బగ్గూ దొరకలేదు.

స్కూలు బస్సు హారను కొట్టింది. ఆముక్త పరిగెత్తింది.
స్టాప్‌వాచ్ బల్లమీదే ఉంది.

తడిగుడ్డతో ఫ్రిజ్ తలుపు తుడిచాను.
డబ్బాలు, బాణాలు, క్యూ,
చూసుకోకుండా పాల లెక్క కూడా.
చెరిగిపోలేదు. చెరిపాను.
పాలావిడ వస్తే నేనే చెప్పుకోవాలి.

తర్వాత నిలబడి, ఫ్రిజ్‌కే చెప్పాను:
"నేను చెరిపాను. అతను కాదు."
నాలుగు సెకన్లు.

మిగిలిన నిమిషం యాభై ఆరు సెకన్లలో
ఏం చెప్పాలో
ఇంకా తెలీదు.
ఇవాళ సోమవారమే.